గెడ్డ ఎండాక చూశాను

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. గుండు ఎంత, బద్ద ఎంత, నూక ఎంత, ఎవరికి ఎన్ని డబ్బాలు వెళ్లాయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. కొండలెక్కే మనిషిని కాదు. ఈత రాదు. చలికాలం వస్తే ఒక మోకాలు పట్టేస్తుంది. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఒకే జలపాతానికి ఏడాదిలో నాలుగుసార్లు, ఆ పైన ఇంకోసారి నడిచి వెళ్లానంటే నేనేదో ట్రెక్కింగు మనిషిననుకుంటారని. మొదటిసారి సెలవు రోజు ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. ఆ రోజు దాన్ని చూడలేకపోయాను, ఆ కసితో మిగతా సార్లు వెళ్లాను.

పలాస నుంచి మందస వైపు వెళ్తుంటే ఎడంచేతి పక్క కొండలు మొదలవుతాయి, వాటి వెనక మహేంద్రగిరి. 1501 మీటర్ల ఎత్తు, శిఖరం ఒడిశాలో ఉంది, పరశురాముడు అక్కడే తపస్సు చేసుకుంటున్నాడంటారు, పైన భీముడి పేర ఒక గుడి, కుంతి పేర ఒక గుడి ఉన్నాయి, శివరాత్రికి మా వైపు నుంచి కూడా జనం కట్టలు కట్టుకుని ఎక్కుతారు. నలభై ఏళ్లుగా దాన్ని చూస్తూ బతికాను గానీ ఒక్కసారీ ఎక్కలేదు. ఊళ్లో ఉన్న గుడికి మనం వెళ్లం కదా, అలాగే. ఆ కొండల నుంచి తూర్పుకి దిగే గెడ్డలు లెక్కలేనన్ని. మా వైపు కొండవాగుని గెడ్డ అంటాం, అలా అంటేనే మాకు నీళ్ల చప్పుడు వినపడుతుంది. అలాంటి ఒక గెడ్డ మీద ఉంది ఈ జలపాతం.

దాని పేరు, దాని కింద ఊరి పేరు రాయను. కావాలనే రాయడం లేదు. ఆ ఊరివాళ్లు ఆ గెడ్డ నీళ్లే తాగుతారు. సీతంపేట దగ్గర మెట్టుగూడ జలపాతం లాంటి చోటైతే పదిమంది వస్తుంటారు, పోతుంటారు, బాగోగులు చూసుకునేవాళ్లుంటారు. (సీతంపేట 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ మా నోటికి ఇప్పటికీ శ్రీకాకుళం సీతంపేట అనే వస్తుంది.) ఇక్కడ చూసుకునేవాళ్లు లేరు. ఈ ఏడాదిలోనే బిర్యానీ ప్యాకెట్లు, బీరు సీసా ముక్కలు కనపడటం మొదలైంది.

మొదటిసారి ఆగస్టు పదిహేను. మా ఫ్యాక్టరీలో జీడిపిక్కలు ఉడికించే దగ్గర ఒక సవర గిరిజన కుర్రాడు పనిచేస్తాడు. "మా ఊరి మీద నీళ్లు దూకుతాయి సార్, ఓసారి రండి" అని రెండేళ్లుగా అడుగుతున్నాడు. ఆ రోజు సరే అన్నాను. బండి మీద గంట లోపే ఊరు చేరాం. మబ్బు లేదు, ఎండ కాస్తోంది, అంతకు ముందు రెండు రోజులు కురిసింది గానీ ఆ పొద్దున చినుకు లేదు. నేను కొత్త స్పోర్ట్స్ బూట్లు వేసుకుని వెళ్లాను. ఆ కుర్రాడు నా బూట్ల వైపు చూసి ఏమీ అనలేదు. తను మాత్రం చిల్లులున్న ప్లాస్టిక్ బూట్లు వేసుకున్నాడు, సంతలో దొరికేవి. పది నిమిషాల్లో తేడా తెలిసింది. అతని బూట్లలోకి నీళ్లు వెళ్లి వచ్చేస్తున్నాయి, నా బూట్లలోకి వెళ్లి ఉండిపోతున్నాయి. ఒక్కో కాలూ కేజీన్నర.

దారి గెడ్డని మూడుసార్లు దాటుతుంది. ముందు జీడితోటలు, తర్వాత పోడు చేలు, చోళ్లు (రాగులు), కందులు కలిపి వేసినవి, మధ్యలో ఒక మంచె, అక్కడి నుంచి అడవి. ఆగస్టులో ఆ దారి దారిలా ఉండదు, మీదికి వంగిన గడ్డి, కింద జారే ఎర్రమట్టి, ప్రతి రాయి మీదా నాచు. మొదటి దాటు మోకాళ్ల లోతు. రెండోది ఇంకాస్త తక్కువే. రెండోది దాటి ఒక వంద అడుగులు వేశామో లేదో, వెనక నుంచి ఎవరో కేకేస్తున్నారు. మంచె మీద నుంచి ఆ కుర్రాడి పెదనాన్న. ఏం అరుస్తున్నాడో నాకు అర్థం కాలేదు, సవర భాష. కుర్రాడు మాత్రం ఆగిపోయి, "సార్, ఎక్కండి, ఆ రాయి మీదికి ఎక్కండి" అన్నాడు.

నాకు తెలిసి వరదంటే గోడలా వస్తుంది, సినిమాల్లో చూశాం కదా. ఇది అలా రాలేదు. ముందు ఎండుటాకులు వచ్చాయి, మామూలు కంటే ఎక్కువ. తర్వాత పుల్లలు. అప్పటిదాకా అడుగు కనపడిన నీళ్లు టీ రంగుకి తిరిగాయి, చూస్తుండగానే ఎర్రమట్టి రంగు. తడి మట్టి వాసన గుప్పుమంది, నెత్తి మీద చూస్తే ఎండ. అప్పుడు చప్పుడు మారింది. నీళ్ల చప్పుడు పెరగడం కాదు, నీళ్ల అడుగున రాళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు, లారీలోంచి కంకర దింపుతున్నట్టు. మేం దాటి వచ్చిన చోటు పావుగంటలో నడుం లోతు దాటిపోయింది. పైన మూడో దాటు కూడా అంతే. రెండింటి మధ్య ఒక చిన్న మెరక మీద మేమిద్దరం.

పైన కొండ మీద ఎక్కడో వాన కురిసిందన్నమాట, మాకు కనపడనంత దూరంలో. ఈ గెడ్డలన్నీ చిన్నవి, నిటారుగా దిగుతాయి, పైన పడిన వాన దారిలో ఆగడానికి చోటు ఉండదు. అందుకే ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది కూడా. ఈ మాట నాకు ఆ ముసలాయనే తర్వాత చెప్పాడు. ఆ పూట మాత్రం నేను ఫోను తీసి సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి తిరుగుతున్నాను, మా ఆవిడకి ఫోన్ చేసి ఏం చెప్పాలో కూడా తెలియకుండా.

మూడున్నర గంటలు కూర్చున్నాం. కుర్రాడు నీటి అంచున ఒక తెల్లరాయి పెట్టాడు. అది మునిగింది. ఇంకాస్త పైన ఇంకోటి పెట్టాడు, అదీ మునిగింది. మూడోది మునగలేదు. అరగంట తర్వాత రెండో రాయి మళ్లీ బయటపడింది. "ఇంక తగ్గుతాది సార్" అన్నాడు. ఇంత సులువైన పద్ధతి మన బళ్లో ఎవరూ నేర్పలేదే అనిపించింది. నాలుగు గంటల వేళకి అవతలి ఒడ్డున పెదనాన్న ఒక పొడుగాటి వెదురు గెడ పట్టుకుని దిగి, సగం దాకా వచ్చి, ఆ గెడ నా చేతికందించాడు. నేను దాటాను. మూడో దాటు అవతల ఎక్కడో జలపాతం మోగుతూనే ఉంది. ఆ రోజు దాన్ని విన్నాను, చూడలేదు.

రెండోసారి అక్టోబరు, దసరా వెళ్లాక. ఈసారి విజయనగరం నుంచి మా బావమరిది వచ్చాడు, పాతికేళ్లవాడు, ఈత బాగా వచ్చు, తాటిపూడి రిజర్వాయరులో ఈదానని చెప్పుకుంటాడు. (అక్కడ ఈదనిస్తారా అని నేను అడగలేదు.) అక్టోబరంటే మా జిల్లావాళ్లకి కాస్త భయం. 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ, మూడూ తుపాన్లే. తిత్లీ అయితే సరిగ్గా మా నెత్తి మీదే తీరం దాటింది, ఉద్దానంలో (సముద్రం పక్క మా తోటల ప్రాంతం) కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, ఆ తర్వాత మా ఫ్యాక్టరీకి లోకల్ పిక్క రాక ఎన్ని నెలలు ఇబ్బంది పడ్డామో నా లెక్కల పుస్తకాల్లో ఉంది. కొండ కింద తోటల్లో అప్పుడు పడిపోయిన జీడిమాను ఒకటి ఇంకా దారికి అడ్డంగానే ఉంది, పడుకున్న మాను మీద నుంచే కొత్త కొమ్మలు నిటారుగా లేచి ఉన్నాయి. దాన్ని దాటడానికి ఒక మెట్టులా వాడుకుంటారు ఊరివాళ్లు. అందుకే బయల్దేరే ముందు రెండు రోజులు వాతావరణం వార్తలు చూశాను, అల్పపీడనం అన్న మాట వినపడితే వెళ్లకూడదనుకున్నాను. వినపడలేదు.

అక్టోబరులో ఆ దారి అందం చెప్పలేను. కింద వరి పొట్ట మీద ఉంది, చోడి కంకులు మెడలు వంచాయి, సీతాఫలాలు కళ్లు విప్పుతున్నాయి, గాలి కడిగినట్టుంది. నేను కూడా సంతలో ప్లాస్టిక్ బూట్లు కొనుక్కున్నాను. గంటా యాభై నిమిషాల్లో చేరాం.

పైన రెండు మెట్లుగా దూకుతుంది. పై మెట్టు సన్నగా, చెట్ల మధ్య నుంచి. రెండోది రెండు తాటిచెట్ల ఎత్తుంటుందేమో, నల్లరాతి మీద నుంచి పూర్తిగా వదిలేసి పడుతుంది. కింద మడుగు. కుడి పక్క మెల్లగా లోతు పెరుగుతుంది, ఎడమ పక్క నీళ్లు పడేచోట తెల్లటి నురగ, దాని పక్కనే ఒక బల్లపరుపు రాయి నీళ్లలోకి చొచ్చుకుని ఉంటుంది. ఆ తుంపరలో నిలబడితే చలికి పళ్లు కొట్టుకున్నాయి, ఆగస్టులో పోయిన పరువంతా తిరిగొచ్చినట్టనిపించింది. నేను కుడి పక్కే ఒక రాయి పట్టుకుని నడుం దాకా దిగాను. బావమరిది ఆ బల్లరాయి ఎక్కాడు.

"సార్, ఎడం పక్కకి వెళ్లొద్దంటాడు మా పెదనాన్న" అన్నాడు కుర్రాడు.

"ఎందుకంట?"

"తెలీదు సార్. వెళ్లొద్దంటాడు."

మేం ఇద్దరం దాన్ని ఏదో గెడ్డ దేవత సంగతి అనుకున్నాం. పట్నం మనుషుల బుద్ధి ఇంతే, కారణం చెప్పకపోతే అది నమ్మకం అనుకుంటాం. బావమరిది బల్లరాయి మీద నుంచి నీళ్లలోకి దిగి నించుని, "లోతేం లేదు బావా, మోకాళ్ల దాకానే, ఫొటో తియ్యి" అన్నాడు. తీశాను. వెనక నురగ, రెండు చేతులూ చాచి వాడు. వాళ్లక్కకి పంపాడు, వాళ్లక్క నాకు ఫోన్ చేసి తిట్టింది, అది వేరే సంగతి.

మూడోసారి జనవరి, సంక్రాంతి అయ్యాక వచ్చిన ఆదివారం. ఎవరైనా నన్నడిగితే జనవరికే వెళ్లమంటాను. కుర్రాడికి ఆ రోజు కుదరలేదు, పెదనాన్నే నాతో వచ్చాడు. నేను ఆయన్ని తాతా అని పిలిచాను, ఆయన నన్ను బావు అన్నాడు. మందస కోవా అరకేజీ పట్టుకెళ్లి వాళ్లింట్లో ఇచ్చాను. మందసలో కోవా కొనకుండా ఆ దారిన వెళ్లేవాళ్లని నేను నమ్మను.

మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడుస్తున్న తాత కనపడలేదు, ఆయన గెడ నేలకి తగిలే చప్పుడు వింటూ నడిచాను. జీడిచెట్లు పూతకొచ్చాయి. ముప్పై ఏళ్లుగా జీడిపప్పుతో బతుకుతున్న కుటుంబం మాది, పూత వాసన అంత దగ్గరగా పీల్చింది అప్పుడే. తొమ్మిదింటికి మంచు విడింది. దారి గట్టిపడింది, గడ్డి ఎండి పక్కకి ఒరిగింది, కొండచీపుర్లు కోసి కట్టలు కట్టి దారి పక్క నిలబెట్టారు. మూడు దాటుల్లోనూ రాళ్ల మీద నుంచి అడుగులేస్తూ పోవచ్చు, కాలు తడవదు. గంటా పావులో చేరాం, నా మోకాలు కూడా మాటాడలేదు. ఒక లీటరు నీళ్లు పట్టుకెళితే సగం మిగిలాయి.

దారిలో ఒక నేరేడు చెట్టు, గెడ్డ ఒడ్డున. కొమ్మల సందులో ఎండుగడ్డి, పుల్లలు గుత్తులుగా ఇరుక్కుని ఉన్నాయి, నా తలకంటే ఒక అడుగు పైన. ఏ పిట్ట గూళ్లో అనుకున్నాను. అడగలేదు కూడా.

ఈసారి జలపాతం మూడు పాయలుగా, జడ విప్పినట్టు, చప్పుడు కూడా మెల్లగా. వాన పడి మూడు నెలలు దాటింది, నీళ్లు ఎక్కడివి తాతా అని అడిగాను. "కొండ తాగింది బావు. ఇప్పుడు ఊరుతోంది" అన్నాడు. అంతే మరి. ఆగస్టులో కొండ మీద నుంచి జారిపోయిన నీళ్లు సముద్రంలో ఎప్పుడో కలిశాయి. జనవరిలో మనం చూసేది మట్టిలోకి, రాతి నెర్రెల్లోకి ఇంకి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా ఊటగా వచ్చేవి. అందుకే ఆ తేటదనం. మడుగులో కుడి పక్క అడుగున పీతలు నడవడం కూడా కనపడింది. ఎడమ పక్క మాత్రం ముదురు పచ్చగా ఉంది, ఏమీ కనపడలేదు. నేను దాన్ని నీడ అనుకున్నాను.

వచ్చేటప్పుడు తాత నాకు జీలుగు కల్లు రుచి చూపించాడు. పొద్దున్నే దింపింది, తియ్యగా, కాస్త పులుపు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

నాలుగోసారి మే నెల. ఎవరైనా మేలో జలపాతం చూడ్డానికి వెళ్తారా అని మా ఆవిడ అడిగింది. నిజమే, నేను కూడా వెళ్లేవాణ్ణి కాదు, ఆ ఊళ్లో పిక్కలు కొనే పనుండి ఫ్యాక్టరీవాళ్లు పంపారు. మార్చి నుంచి మే దాకా మాకు పిక్కల కాలం. లెక్క చూసుకుని, రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే చల్లని వేళ ఎక్కేద్దాం అన్నాను. తాత ఒప్పుకోలేదు. "ఎండ వచ్చేదాకా వద్దు బావు. ఎలుగుబంటి ఉంటాది." జీడిపళ్లు, పనసపళ్లు పండే రోజులు, రాత్రంతా తోటల్లో తిని తెల్లవారేసరికి తిరిగి కొండెక్కుతుంది. ఉద్దానం మొత్తం ఎలుగుబంట్ల సంగతి అందరికీ తెలిసిందే, తోటకెళ్లినవాళ్ల మీద పడి మనుషులు చనిపోయారు కూడా. తెల్లవారుజామున వెళ్దామంటే ఎలుగుబంటి, తెల్లారాక వెళ్దామంటే ఎండ. ఏడున్నరకి బయల్దేరాం. తాత దారంతా గెడతో చెట్ల మొదళ్లు కొడుతూ, పెద్దగా మాట్లాడుతూ నడిచాడు. ఆయన మామూలుగా అంత మాట్లాడడు, ఎలుగుబంటికి వినపడాలని.

బయల్దేరే ముందు వాళ్లింట్లో చోడి అంబలి ఇచ్చారు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. నేను ఒక్క గ్లాసు చాలన్నాను. తాత రెండోది కూడా తాగించాడు. నాలుగు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకెళ్లాను, అన్నీ అయిపోయాయి. రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. దారిలో నీడ లేదు, చెట్లు చాలావరకు ఆకు రాల్చేశాయి, ఎండుటాకుల మీద అడుగు పడితే అప్పడం నమిలినట్టు చప్పుడు. గెడ్డ ఉందో లేదో తెలియని స్థితి. మొదటి దాటు దగ్గర ఇసకలో ఎవరో చెలమ తీశారు, అడుగున దోసెడు నీళ్లు.

నేరేడు చెట్టు దగ్గర తాత ఆగి, గెడ పైకెత్తి కొమ్మల్లో గుత్తుల్ని పొడిచాడు. ఎండుగడ్డి, పుల్లలు, ఒక పాత గోనెసంచి పీలిక రాలిపడ్డాయి. "నీ ఆగస్టు గెడ్డ ఇక్కడికొచ్చింది" అన్నాడు. నేను నించున్న చోటు గెడ్డ అడుగు. గుత్తులు నా తల మీద అడుగు పైన. ఆ రోజు మేం మెరక మీద కూర్చుని నడుం లోతు, నడుం లోతు అనుకున్నాం. చీకటి పడ్డాక ఇంకా పెరిగిందట, మేం దాటి వచ్చేశాక, రాత్రి పైన ఇంకో వాన.

జలపాతం దగ్గర చప్పుడు లేదు. నల్లరాయి మీద తడి చార ఒకటి, దాని కింద కొన్ని చుక్కలు. మడుగు కుడి పక్క పూర్తిగా ఎండి బురద పగుళ్లు తేలింది. అంతా తెరిచి పెట్టిన వంటిల్లులా ఉంది, ఏ గిన్నె ఎక్కడుందో కనపడుతోంది. నీళ్లు పడేచోట, ఆ బల్లరాయిని ఆనుకుని, ఒక గొయ్యి.

గొయ్యి అంటే మామూలు గొయ్యి కాదు, రోలు. రాతిలో రోలు తొలిచినట్టు గుండ్రంగా, అంచులు నున్నగా, పైన మనిషి పట్టేంత వెడల్పు, లోపల ఇంకా వెడల్పు. అందులో అడుగున నీళ్లు ఉన్నాయి, నల్లగా. వాననీళ్లు పైనుంచి పడి సుడి తిరిగేటప్పుడు రాళ్లు ఆ గుంటలో పడి గిర్రున తిరుగుతాయి, తిరిగి తిరిగి రాయిని తొలిచేస్తాయి, ఎన్ని వేల ఏళ్లు పట్టిందో. రోకలి లేకుండా రోలు. గట్టు మీద చిన్నవి ఇంకో నాలుగు ఉన్నాయి, ఒకదాంట్లో గుండ్రాళ్లు కూడా ఉన్నాయి, గోళీల్లా నున్నగా. తాత తన గెడ ఆ పెద్దదాంట్లోకి దింపాడు. గెడ ఆయన ఎత్తు కంటే పొడుగు. మొత్తం వెళ్లింది, ఆయన వంగి చెయ్యి కూడా లోపల పెట్టాడు, అప్పుడు తగిలింది. దాని గోడలో పక్కకి ఇంకో చిన్న బొరియ, అందులో ఒక దుంగ ఇరుక్కుని ఉంది, కొమ్మలతో సహా.

నేను ఫోను తీసి అక్టోబరు ఫొటో చూశాను. బల్లరాయి మీద ఒక తెల్లచార ఉంటుంది, ఫొటోలో కూడా ఉంది, దాన్ని పట్టుకుని మా బావమరిది ఎక్కడ నించున్నాడో కొలిచాను. వాడు మోకాళ్ల లోతు నీళ్లలో నించున్నది ఆ రోలు అంచు మీద. చాచిన చెయ్యి రోలు మీద ఉంది. ఇంకో అడుగు ఎడమకి వేసి ఉంటే.

ఎండలో కూడా నాకు చెమట చల్లబడింది. కూర్చున్నాను.

"వాడికి ఈత వచ్చు తాతా" అన్నాను, ఎందుకన్నానో తెలీదు.

"నురగలో ఈత ఉండదు బావు" అన్నాడు. నురగంటే సగం గాలి, మనిషిని మొయ్యదు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నా పైకి లేపే నీరు అక్కడ ఉండదు, పైనుంచి పడే నీళ్లు కిందకే తొక్కుతాయి. ఆయన ఇంత వివరంగా చెప్పలేదు, సగం చేతులతో చూపించాడు. "ఓ యేడు దూడ పడింది. మూడో రోజుకి కింద తేలింది" అన్నాడు. మరి మీవాడికి కారణం ఎందుకు చెప్పలేదని అడిగాను. "వెళ్లొద్దంటే సాలదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం సిగ్నల్ దొరికాక బావమరిదికి రోలు ఫొటో, పాత ఫొటో పక్కపక్కన పెట్టి పంపాను. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఫోన్ చేసి, "అక్కకి చూపించకు బావా" అన్నాడు.

అయిదోసారి మొన్న సెప్టెంబరు చివర. ఇద్దరం వెళ్లాం, వాడే అడిగాడు వెళ్దామని. తెల్లారగట్టే లేచి మా ఆవిడ ఆవపెట్టిన పులిహోర చేసి కట్టింది. మొదటి దాటు దగ్గర నీటి అంచున తెల్లరాయి ఒకటి పెట్టి, పావుగంట చూసి, అప్పుడు దాటాం. ఆ పావుగంట అక్కడ నించోవడం వాడికి విసుగనిపించలేదు, అది నాకు ఆశ్చర్యం. తాత మంచె మీద ఉన్నాడు, గెడ అడిగితే కొత్తది ఒకటి కొట్టి ఇచ్చాడు.

పైకి చేరేసరికి అప్పటికే అయిదారుగురు కుర్రాళ్లు ఉన్నారు, ఎక్కడి నుంచో బండ్ల మీద వచ్చారు, పాటలు పెట్టుకున్నారు. ఒకడు బల్లరాయి మీద నించుని దూకడానికి చూస్తున్నాడు, ఇంకోడు వీడియో తీస్తున్నాడు. అక్కడ గొయ్యి ఉంది దిగొద్దని అరిచాను. "లోతు లేదంకుల్, ఇందాకే దిగాం" అన్నాడు. అదే మాట, మోకాళ్ల దాకానే అని కూడా అన్నాడు. నా ఫోనులో మే నెల ఫొటో ఉంది, కానీ తడి చేతులతో ఫోను తీసి, వెతికి, చూపించి, ఈలోపు వాడు దూకేస్తాడు. మా బావమరిది ఏమీ మాట్లాడకుండా గెడ తీసుకుని బల్లరాయి ఎక్కాడు, ఆ కుర్రాడి పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, నురగ అంచున గెడ దింపాడు. దిగింది. ఇంకా దిగింది. రెండు చేతులతో తొక్కాడు, మోచేతుల దాకా నీళ్లలోకి వెళ్లాయి వాడి చేతులు, అడుగు తగలలేదు, నీళ్లు ఒక్క విసురుతో గెడని వాడి చేతుల్లోంచి లాగేసుకున్నాయి.

పాట ఎవరు ఆపారో తెలీదు. గెడ ఎక్కడా కనపడలేదు. అందరం మడుగు చివర వైపే చూస్తూ నించున్నాం, అది ఎంతసేపటికో అక్కడ తేలింది, రెండు ముక్కలుగా.

ఆ కుర్రాడు బల్లరాయి దిగి కుడి పక్కకి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి పులిహోర విప్పాం. వాళ్ల దగ్గర తినడానికి చిప్స్ తప్ప ఏమీ లేవు, అడ్డాకుల్లో పెట్టి వాళ్లకీ ఇచ్చాం.